మా మనవరాలి తుంటి పంచాయితీ

“విప్పమ్మా దాన్ని!”

“విప్పను.”

“రేపు పొద్దున్నే డాక్టరు దగ్గర టెర్మిన్. ఇవాళ కూడా చుట్టిపెట్టావంటే నిన్నేమనాలి?”

“అమ్మ అనాలి. నిన్నటిదాకా అదే అన్నావుగా.”

“జోకులొద్దు. చుట్టొద్దని డాక్టరు చెప్పిందా లేదా?”

“నీకు చెప్పింది. నన్ను లోపలికి రానిస్తేగా నాకు చెప్పడానికి?”

“నేనొచ్చి నీకు చెప్పాగా!”

“చెప్పలేదు. అరిచావు. ఇప్పుడు అరుస్తున్నావే, అచ్చం ఇట్టాగే.”

మంచానికి ఆ పక్కన మా అమ్మాయి, ఈ పక్కన నేను. మధ్యలో నా పాత నేతచీర ముక్కలో మూటలాగా చుట్టి ఉన్న మనవరాలు. దానికి ఇవేమీ పట్టలేదు, నిద్రపోతోంది. అల్లుడు గుమ్మంలో నిలబడి, చెవులకి ఆఫీసు మీటింగు తగిలించుకుని, మా ఇద్దరికీ రెండు చేతులతో సైగలు చేస్తున్నాడు. గొంతు తగ్గించమని ఆ సైగలకి అర్థం. ఆయన పగలంతా ఇంట్లోనే ఉంటాడు గానీ, ఇంట్లో మనిషి కాదు. ఆ కంప్యూటరు పెట్టెలో మనిషి.

కరోనా వచ్చిన మొదటి ఏడాది, ఎండలు మొదలయ్యే రోజుల్లో, జర్మనీలో బ్యోబ్లింగెన్ అనే ఊళ్ళో, మా అమ్మాయి వాళ్ళ ఫ్లాటులో జరిగిన గొడవ ఇది. సంగతేమిటో మొదటినుంచీ చెప్తాను.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. మాది తెనాలి పక్క, మా వైపు అందరిదీ అదే పద్ధతి. ఇన్సూరెన్సు ఇక్కడే, డాక్టర్లు ఇక్కడే, సెలవూ ఇక్కడే అంది మా అమ్మాయి. పుట్టిల్లు కదలదు గనక నన్ను కదిలించారు. చలికాలంలో రెండు పెట్టెలతో దిగాను. ఒకదాంట్లో నా చీరలు, రెండోదాంట్లో ఆముదం, సున్నిపిండి, సాంబ్రాణి, బాలింతకి పెట్టే కాయం. విమానాశ్రయంలో ఒకాయన కాయం డబ్బా మూత తీసి వాసన చూసి, మళ్ళీ ఏమీ అడక్కుండా మూత పెట్టేశాడు. 

నేను వచ్చిన కొన్నాళ్ళకే విమానాలు ఆగిపోయాయి. ఇక్కడి జనానికి భయం పుట్టి దుకాణాల్లో మరుగుదొడ్డి కాగితాలన్నీ కొనేశారు. దగ్గొచ్చే జబ్బుకి ఆ కాగితం ఎందుకో నాకు ఈనాటికీ తెలియదు. మా ఇంట్లో చెంబు ఉంది గనక మాకు ఏ లోటూ లేకపోయింది. కాన్పుకి ఆసుపత్రిలోకి మొగుణ్ణొక్కణ్ణే రానిచ్చారు. తొమ్మిది నెలలూ కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసిన నేను, మనవరాలిని ముందు ఫోనులోనే చూశాను. అదీ తలకిందులుగా. అల్లుడు ఫోను తిప్పి పట్టుకున్నాడు.

నేను చదివింది మూడో తరగతి. చేతికి వచ్చిన విద్య ఒకటే, పసిపిల్లలకి నీళ్ళు పొయ్యడం. మా వీధిలో ఎవరింట పురుడు జరిగినా నాకే కబురొచ్చేది. కాళ్ళు చాపుకుని కూర్చుని, పిల్లని ముంగాళ్ళ మీద బోర్లా వేసుకుని, ఆముదం మర్దించి, చేతులు గుండెల మీద అడ్డంగా కలిపి, కాళ్ళు రెండూ కలిపి పట్టుకుని నిటారుగా సాగదీసేదాన్ని. తల గుండ్రంగా ఒత్తి, ముక్కు నిలబెట్టి, సాంబ్రాణి వేసి, కాలివేళ్ళ నుంచి మెడదాకా బిగించి చుట్టి పడుకోబెడితే, పిల్ల పూటంతా కదిలేది కాదు. కాళ్ళు సాగదియ్యకపోతే దొడ్డికాళ్ళు వస్తాయని మా అత్తగారి మాట. ఇక్కడ కూడా స్నానాలగదిలో పీట వేసుకుని అదే పని మొదలుపెట్టాను. సాంబ్రాణి పొగకి ఇంటికప్పుకి బిగించిన పొగ గంట మోగి, పైఇంటాయన మాస్కు పెట్టుకుని మెట్ల దాకా వచ్చి చూసి వెళ్ళాడు. తర్వాత నుంచి సాంబ్రాణి బాల్కనీలో.

అన్నీ సవ్యంగానే సాగుతున్నాయి అనుకుంటుండగా పిల్లకి నెల దాటిన పరీక్ష వచ్చింది. ఈ దేశంలో పిల్లలందరికీ ఆ వయసులో తుంటి స్కానింగు తీస్తారు. జబ్బుంటేనే తీసేది కాదు, జబ్బు లేదని తేల్చుకోవడానికి. జబ్బు లేదని తెలియడానికి ఎవరైనా ఖర్చుపెడతారా అని నేనంటే, “ఇన్సూరెన్సే పెడుతుందమ్మా, నీకెందుకు” అంది మా అమ్మాయి.

పిల్లతో ఒక్కరే లోపలికి రావాలన్నారు. నేను కింద పేవ్‌మెంటు మీద మాస్కుతో నిలబడ్డాను. కిటికీలోంచి పిల్ల ఏడుపు వినపడుతూనే ఉంది. లోపల జరిగింది మా అమ్మాయి చెప్తే విన్నదే. పిల్లని పక్కకి తిప్పి ఇరుకు తొట్టి లాంటిదాంట్లో పడుకోబెట్టారట. తుంటి మీద జిగురు రాసి చిన్న యంత్రం ఆనించారట. బొమ్మ రాగానే దాని మీద గీతలు గీసి, గీతకీ గీతకీ మధ్య వంపు కొలిచారట. మేస్త్రి గోడకి దారం పట్టి చూసినట్టన్నమాట.

కుడి తుంటి బాగుంది. ఎడమది ఇంకా పక్వానికి రాలేదు. తొడ ఎముకకి చివర గుండు ఉంటుంది, ఆ గుండు కూర్చోవడానికి తుంటిలో గుంట ఉంటుంది. పిల్లకి ఎడమవైపు ఆ గుంట లోతు పడలేదు. ఈ వయసులో ఎముక మెత్తన గనక కాళ్ళు కప్పలాగా మడిచి, ఎడంగా ఉంచితే గుండు గుంటలోనే ఒత్తుకుని లోతు దానంతటదే పడుతుంది. కాళ్ళు చాపి బిగిస్తే గుండు అంచుకి జారుతుంది. డైపరు మీద గుడ్డ వెడల్పుగా మడతపెట్టి కట్టమన్నారు, కొన్ని వారాల తర్వాత మళ్ళీ చూస్తామన్నారు. అప్పటికీ లోతు పడకపోతే కాళ్ళు విడదీసి పట్టే పట్టీల లాగు వేస్తారు. దానికీ లొంగకపోతే పిండికట్టు. పట్టించుకోకపోతే నడక వచ్చాక కుంటు.

మా అమ్మాయి ఇదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పి, “ఇంక నువ్వు దాని కాళ్ళు సాగదియ్యొద్దు. చుట్టనే చుట్టొద్దు” అంది.

“నిన్నూ చుట్టే పెంచాను. కుంటుతున్నావా?”

“అందరికీ రాదమ్మా. వచ్చినవాళ్ళకి వస్తుంది.”

“మా వీధిలో ఎవరికీ రాలేదు.”

“మీ వీధిలో ఎవరికి స్కాను తీశారు?”

ఈ పిల్లని ఇంజనీరింగు చదివించింది నేనే గదా, ఎవర్ని అనను! అల్లుడు మధ్యలో వచ్చి, “అత్తయ్యా, ప్రాబ్లమ్ ఏం లేదు, జస్ట్ ఇమ్మెచ్యూర్ అంతే” అన్నాడు. ఆయనకి ఏది జరిగినా ప్రాబ్లమ్ ఏం లేదు. ఆ సాయంత్రమే ఏదో బట్ట ఆర్డరు పెట్టాడు. అది వచ్చింది. పిల్లని కాళ్ళు ఎడంగా పెట్టి గుండెకి కట్టుకునే గుడ్డట. విప్పి చూస్తే నా చీర కన్నా రెండు మూరలు తక్కువ, అంచు లేదు, కొంగూ లేదు. నన్నడిగితే నా పెట్టెలోంచి నాలుగు తీసిచ్చేదాన్ని.

నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. కోపం కూడా వచ్చింది. నా చేతి విద్య ఒక నల్ల బొమ్మ మీద గీత గీసి కొట్టేశారు. మూడు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

ఇక్కడ మా అమ్మాయి ఒక పని చేసింది. చుట్టాలందరూ ఉండే ఫోను గ్రూపులో ఆ స్కానింగు బొమ్మ పెట్టి, కింద “ఎడమవైపుది కొంచెం వెనకపడిందట, మళ్ళీ చూస్తారట, అందరూ దేవుడికి దణ్ణం పెట్టుకోండి” అని రాసింది. అంతే. కళ్ళజోళ్ళు పెట్టుకుని ఎవరూ చదవలేదు. బొమ్మ చూశారు. మా వాళ్ళకి తెలిసిన స్కానింగు ఒకటే.

ముందు మా మరిది ఫోను చేశాడు. “శుభాకాంక్షలు వదినా! అప్పుడే రెండోదా? పిల్లలకి అక్కడి గవర్నమెంటు డబ్బులిస్తుందటగా, అందుకేనా ఈ తొందర?”

“నోరు ముయ్యవయ్యా. పచ్చి బాలింతని పట్టుకుని ఏం మాటలవి?”

ఆ వెంటనే మా పిన్నత్తగారు. “కవలలంటగా తల్లీ! ఎడంవైపు బిడ్డ చిన్నగా ఉందని రాశారే. పాలు బాగా పట్టించండి దానికి.”

“కవలలు లేరు, ఏం లేరు. అది పుట్టిన పిల్ల తుంటి.”

“తుంటా! నాకు మగపిల్లాడిలాగా కనపడ్డాడే. ఇదుగో, ఇక్కడ స్పష్టంగా ఉంది.”

ఆవిడ చూపించింది మా మనవరాలి తొడ ఎముక.

ఆ మర్నాడు కూడా ఫోన్లు ఆగలేదు. లాక్‌డౌన్‌లో ఇళ్ళలో కూర్చున్న జనానికి మేం పండగలాగా దొరికాం. అడిగినవాళ్ళకల్లా నేనే తుంటి పాఠం చెప్పాల్సి వచ్చింది. గుండు, గుంట, లోతు, వంపు. మా అమ్మాయి అరిచి చెప్పిన మాటలన్నీ నా నోట్లోంచి నెమ్మదిగా బయటికి వస్తున్నాయి. చెప్పడమే గానీ నేను నమ్మిందేమీ లేదు.

ఆఖర్న వీడియోలో మా తోడికోడలు. నాకన్నా పెద్దది. కోడళ్ళమై ఒకే ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచీ ఆవిడ చెప్పిందేదీ నేను ఒప్పుకోలేదు, నేను చెప్పిందేదీ ఆవిడ ఒప్పుకోలేదు. ఇల్లు వేరుపడ్డాకా అది ఆగలేదు.

“ఏమే, కడుపులో ఉన్న పిల్లకి స్కానింగు గానీ పుట్టిన పిల్లకేమిటి, చోద్యం కాకపోతే! డబ్బు గుంజుకోవడానికి గదూ?”

“మా దగ్గర ఎవరూ ఏం గుంజుకోలేదక్కయ్యా.”

“నువ్వు మొహమాటపడక కాళ్ళు బాగా సాగదియ్యి. నీ చేతిలో బిగువు ఎప్పుడూ లేదు, అందుకే ఇట్టా వచ్చింది. ఇంకా బిగించి చుట్టు. నీళ్ళు పొయ్యడం నీకు నేర్పింది నేనే గదటే?”

అది పచ్చి అబద్ధం. నాకు నేర్పింది మా అత్తగారు. ఈవిడ అప్పుడు గుమ్మంలో నిలబడి తల దువ్వుకుంటూ ఉండేది.

“సాగదియ్యకూడదక్కయ్యా. నీకు తెలియదు,” అన్నాను. నా నోటి నుంచే వచ్చింది ఆ మాట.

“నాకా తెలియంది?”

“ఆఁ, నీకే. ఉండు, చూపిస్తాను.”

ఫోను ఉప్పు డబ్బాకి ఆనించి, గుంటగరిటె తీశాను. దాంట్లో ఒక నిమ్మకాయ పెట్టి ఊపాను. “ఇదుగో, ఇది బాగున్న తుంటి. ఎంత ఊపినా పడదు.” అట్లకాడ తీసి దాని మీద పెట్టి ఊపాను. నిమ్మకాయ జారి స్టవ్వు కింద పడింది. “ఇది లోతు లేని తుంటి. నువ్వు సాగదీసి బిగిస్తే అట్టా జారుద్ది. పిల్ల కుంటుద్ది. అప్పుడు నువ్వొచ్చి నడిపిస్తావా?”

“అట్లకాడ మీద నిమ్మకాయ ఎవరు పెడతారే?” అంది మా తోడికోడలు. 

చాలాసేపు వాదించాను. ఆవిడ ఎంత సాగదియ్యమంటే నేను అంత సాగదియ్యకూడదన్నాను. ఫోను పెట్టేసి, స్టవ్వు కిందినుంచి నిమ్మకాయ తీసి కడిగి చారులో పిండాను. ఇక్కడ నిమ్మకాయ పారేసే ధర కాదు.

మర్నాడు నీళ్ళు పోస్తూ పిల్ల కాళ్ళు రెండూ కలిపి పట్టుకున్నాను. సాగదియ్యబోతే చెయ్యి రాలేదు. సాగదీస్తే మా తోడికోడలు మాట విన్నట్టవుతుంది. అది ఒకటి. రెండోది, నిన్న నేనే అంత గట్టిగా చెప్పిన మాట నిజమైతే? కాళ్ళు వదిలేశాను. పిల్ల వాటిని కప్పలాగా మడుచుకుని హాయిగా ఉంది.

అయితే చుట్టకపోతే అది నిద్రపోదు. చేతులు ఉలిక్కిపడి ఎగిరి, వాటి దెబ్బకి అదే లేచి ఏడుస్తుంది. అందుకని మధ్యాహ్నం తల్లి నిద్రపోయే వేళ నా గదిలో వేసుకుని, డైపరు మీద గుడ్డ మడతపెట్టి కట్టి, కాళ్ళు ఎడంగా వదులుగా ఉంచి, చేతులు మాత్రం బిగించి చుట్టేదాన్ని. పైనుంచి చూస్తే పాత మూటే. పాలవేళకి విప్పి తల్లికి ఇచ్చేదాన్ని. ఈ మార్పు సంగతి మా అమ్మాయికి చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? చెప్తే “చూశావా, నేను చెప్పలా!” అంటుంది. నేను పెంచిన పిల్ల, ఆ మాట ఏ గొంతుతో అంటుందో నాకు తెలుసు.

అట్లా వారాలు గడిచాయి. రెండో స్కానింగు ముందురోజు మధ్యాహ్నం మా అమ్మాయి నిద్ర పట్టక లేచి నా గదిలోకి వచ్చింది. మంచం మీద మూట కనపడింది. మొదట చెప్పిన గొడవ అక్కడ మొదలైంది.

“వద్దన్న పనే చేస్తావా? చాటుగా! నేను పడుకున్నాక!” అంది. మొహం ఎర్రబడింది.

“చాటేముంది, నా గదిలో నేను చేసుకుంటున్నా.”

“పెద్దమ్మ చెప్పిందా, నీ తోడికోడలు?”

ఈ మాటకి నాకు ఒళ్ళు మండింది. “ఆవిడ మాట నేను వింటానా? నీకసలు బుద్ధుందా?”

“మరి ఇదేంటి? చెప్పు! రేపు లోతు పడలేదంటే దానికి పట్టీలు వేస్తారు. తర్వాత పిండికట్టు. విమానాలు తిరగ్గానే నువ్వు వెళ్ళిపోతావమ్మా. కుంటే పిల్లని ఎత్తుకుని తిరగాల్సింది నేను.”

ఆ మాట అని, మంచం అంచున కూర్చుని కొంగు లేని ఆ చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుంది. నేను అప్పుడైనా విప్పి చూపించాల్సింది. మూట మీద చెయ్యి వేసుకుని అట్లాగే కూర్చున్నాను. నా మీద అరిచినదాని ముందు నేనెందుకు విప్పాలి?

అల్లుడు చెవుల్లోంచి మీటింగు ఊడబీకి బల్ల మీద పడేశాడు. ఆ ఇంట్లో ఆయన అంత పని చెయ్యడం నేను చూసింది అదే మొదలు. వచ్చి, “అత్తయ్యా, మీ చెయ్యి కొంచెం తియ్యండి” అన్నాడు. అల్లుడు అడిగాక తియ్యక తప్పదు. మూట ఆయనే విప్పాడు. లోపల పిల్ల కాళ్ళు రెండూ కప్పకాళ్ళలాగా ఎడంగా ఉన్నాయి, మధ్యలో మడత గుడ్డ. 

“ఇది కరెక్టేగా? డాక్టరు పంపిన వీడియోలో చూపించింది ఇట్టాగే కదా?” అన్నాడు పెళ్ళాంతో.

మా అమ్మాయి వంగి చూసింది. గుడ్డ కింద వేలు పెట్టి చూసింది. 

“ఎప్పట్నుంచి ఇట్టా?”

“చాన్నాళ్ళయింది.”

“మరి చెప్పొచ్చుగా!”

“నువ్వు అడిగావా? విప్పమన్నావు.”

“విప్పి చూపించొచ్చుగా!”

“అడిగితే చూపించేదాన్ని. అరిచావు.”

“చూశావా, నేను చెప్పినట్టే చేశావు కదా!” అంది.

అనుకున్నట్టే అంది. అనుకున్న గొంతుతోనే అంది. కళ్ళలో నీళ్ళు అట్లాగే ఉన్నాయి గనక ఊరుకున్నాను.

పిల్ల లేచి ఏడుపు అందుకుంది. అల్లుడు మళ్ళీ పెట్టె దగ్గరికి పోయి, అక్కడివాళ్ళకి జర్మనులో ఏదో సర్దిచెప్పుకున్నాడు. మా అమ్మాయి పాలిస్తూ నావైపు చూడకుండా అడిగింది.

“అమ్మా, మొదట్లో నువ్వు సాగదీశావు కదా. అప్పుడే ఏమన్నా పాడై ఉంటే?”

“నాకేం తెలుసు?”

“రేపు ఇంకా అట్టాగే ఉందంటే?”

“ఉంటే లాగు వేయిద్దాం. వేసి తీసేస్తారుగా.”

“నీకు భయం లేదా?”

“భయపడితే లోతు పడుద్దా? అన్నం తిను,” అన్నాను. నేను మాత్రం ఆ పూట తినలేదు. ఉపవాసమన్నాను. ఏ ఉపవాసమని ఎవరూ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే బస్సులో వెళ్ళాం. ఆ రోజు కూడా ఒక్కరినే రానిచ్చారు. మా అమ్మాయి పిల్లని తీసుకుని మేడ మీదికి వెళ్ళింది. నేను కింద పేవ్‌మెంటు మీద నిలబడ్డాను. పిల్ల ఏడుపు వినపడింది, ఆగింది, రెండోవైపుకి తిప్పారేమో మళ్ళీ వినపడింది. తర్వాత చాలాసేపు ఏమీ వినపడలేదు. మా అమ్మాయి మెట్లు దిగి వచ్చింది. ఎడమ గుంట లోతు పడిందట. లాగు అక్కర్లేదట. గుడ్డ మడత ఇంకొన్నాళ్ళు పెట్టమన్నారట, నడక వచ్చే వేళకి మళ్ళీ ఒకసారి చూపించమన్నారట. నేను “సరే” అన్నాను. బస్సు వచ్చింది, ఎక్కాం. ఇంటికి రాగానే నీళ్ళు కాచి పిల్లకి పోశాను. మా అమ్మాయి స్నానాలగది గుమ్మంలో కూర్చుని, నీళ్ళు పోసినంతసేపూ చూసి, తువ్వాలు అందించింది.